రిపోర్టులు బాగున్నాయి, నేనే బాగాలేను: కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి ఈ దిగులు మామూలేనా?

కావలి_కోడలు

నాకు 34. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం అని తేల్చి మూడేళ్ళవుతోంది. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, ఫోలిక్ యాసిడ్. మొన్న నెల్లూరులో చూపించుకుంటే ఒంట్లో వాపుని చెప్పే రక్త పరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ దిగొచ్చాయి. వేళ్ళ వాపు లేదు. డాక్టరు గారు కాగితాలు చూసి "చాలా బాగుందమ్మా, ఇవే వాడండి" అన్నారు. బయటికి రాగానే మా ఆయన హుషారుగా బిర్యానీ తినేసి వెళ్దాం అన్నారు. నాకేమో ఏడుపు తన్నుకొచ్చింది.

నొప్పి వల్ల కాదు. వంట, బట్టలు, పిల్లాడి స్కూలు అన్నీ జరిగిపోతున్నాయి, దేని మీదా మనసు లేదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. మావాడు మూడో తరగతి. నేను ఆవకాయ సీసా చేతిలోకి తీసుకుంటే చాలు, ఎక్కడ ఆడుకుంటున్నా వచ్చి మూత తిప్పి ఇచ్చి మళ్ళీ ఆటకి పోతాడు. ఎవరూ పిలవరు. ఇప్పుడు నా వేళ్ళకి ఆ బలం ఉంది, నేనే తీసుకోగలను. అయినా వస్తాడు. అది చూస్తే లోపల ఏదో అయిపోతుంది.

దిగులుగా ఉంటోందని డాక్టరు గారికి చెబితే "టెన్షన్ పెట్టుకోకండి" అని తర్వాతి పేషెంటుని పిలిచారు. మా అత్తమ్మ "మందులు పని చేస్తన్నాయంట గదా, ఇంకా ఏందమ్మే నీకు" అంటుంది. ఆమెను అనేందుకూ లేదు, నాకే తెలియడం లేదు. ఇది జబ్బులో భాగమా? మందుల వల్లా? లేక నేనే ఇలా తయారయ్యానా?

పొదిలి_శీను

ఏ నీళ్ళు తాగుతున్నారు? మా వైపు కీళ్ళ నొప్పులంటే సగం ఫ్లోరైడే. బోరు నీళ్ళయితే ముందు అవి మానేయండి.

బుచ్చి_చెల్లి

శీనన్నా, ఆమె అడిగింది మనసు గురించి.

అక్కా, నాకు లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు. మీరు రాసింది చదువుతుంటే నా డైరీ ఎవరో ఎత్తుకెళ్ళి ఇక్కడ పెట్టారేమో అనిపించింది. నేనైతే బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. నీళ్ళ బిల్లు ఎందుకు పెరిగిందో మా ఆయనకి ఇప్పటికీ తెలియదు.

మందులషాపు_మాస్టారు

అమ్మా, మీరు చెప్పిన మందుల్లో స్టెరాయిడ్ పేరు లేదు. ప్రెడ్నిసోలోన్ గానీ, డెఫ్లాజకార్ట్ గానీ ఏమన్నా నడుస్తోందా? తగ్గిస్తున్నారా, పెంచుతున్నారా? అది తెలిస్తే మీ మూడు ప్రశ్నల్లో ఒకదానికైనా జవాబు దొరుకుతుంది.

కావలి_కోడలు

మొదట్లో 10 ఎంజీ ఇచ్చారు మాస్టారూ. తగ్గిస్తూ వచ్చి ఇప్పుడు 5. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటున్నాను.

మందులషాపు_మాస్టారు

రాత్రి ఎందుకు వేసుకుంటున్నారు? రోజుకొకసారి అని రాస్తే మామూలుగా పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమంటారు. ఒంట్లో సహజంగా కార్టిసాల్ (ఒళ్ళు సొంతంగా చేసుకునే స్టెరాయిడ్) పెరిగేది తెల్లవారుజామున, మాత్ర కూడా ఆ వేళకి దగ్గరగా పడితే నిద్ర మీద దెబ్బ తక్కువ. డాక్టరు ప్రత్యేకంగా రాత్రి అని రాశారేమో చీటీ చూసుకుని, లేకపోతే ఒక ఫోన్ చేసి మార్చుకోండి.

ఇక స్టెరాయిడ్‌కి, మనసుకి లింకు ఉంది. అది మోతాదుని బట్టి. 1972లో బోస్టన్‌లో ఆసుపత్రి రోగుల మీద లెక్క తీశారు. ప్రెడ్నిసోన్ రోజుకి 40 ఎంజీ లోపు వాడినవాళ్ళలో మానసిక ఇబ్బందులు 1.3 శాతం మందికి వస్తే, 80 దాటినవాళ్ళలో 18.4 శాతానికి పోయింది. అవి పెద్ద ఇబ్బందులు, పొంతన లేకుండా మాట్లాడటం లాంటివి. చిన్న మోతాదులో విసుగు, నిద్ర చెడటం, ఊరికే కళ్ళు చెమర్చడం ఇలాంటివి ఈ లెక్కలోకి రావు గానీ కౌంటర్ దగ్గర రోజూ వింటుంటాను. మీ 5 ఎంజీ మీద నేరమంతా మోపలేను.

ఇది చదివి ఎవరూ స్టెరాయిడ్ టక్కున ఆపొద్దు. నెలల తరబడి వాడుతుంటే ఒంట్లో సొంత తయారీ నిద్రపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం అన్నీ ఉన్నాయి.

ఒంగోలు_గిత్త

అందరూ తిట్టినా పర్లేదు, నా మాట చెబుతా. మా పిన్నికి ఇరవై ఏళ్ళుగా కీళ్ళవాతం. పొగాకు గ్రేడింగుకి పోయేది, వేళ్ళు వంకర పోయినా పోయేది. ఒక్క రోజు దిగులు అనే మాట ఆమె నోట వినలేదు. ఖాళీగా కూర్చుంటే ఆలోచనలు. పొద్దున్నే నడక, కాస్త ధ్యానం, నలుగురితో మాటలు. మాత్ర మీద మాత్ర ఎందుకు?

బుచ్చి_చెల్లి

మీ పిన్నిని మీరు ఎప్పుడైనా అడిగారా గిత్త గారూ?

ఒంగోలు_గిత్త

అడగాల్సిన పనేముంది, మొహం చూస్తే తెలియదా.

స్పాండి_సుబ్బు

గిత్తా, నా మొహం చూసినా ఎవరికీ తెలియలేదు. పెద్దగా రాస్తా, ఓపికుంటే చదవండి.

నాది మార్కాపురం, పని చీమకుర్తిలో గ్రానైట్ యార్డులో. ఇరవై నాలుగేళ్ళ వయసులో నడుము కింద నొప్పి మొదలైంది. తెల్లవారి లేస్తే గంట దాకా వంగలేను. ఊళ్ళో అందరిదీ ఒకటే మాట, ఫ్లోరైడ్ నీళ్ళు. ఆ మాటలో అబద్ధం లేదు. 1937లోనే నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళు, ఎముకలు చెడే జబ్బు) ఉందని మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు రాశారు. అప్పటికి పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరు కిందే కదా, ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. నడుము బిగుసుకుపోయిన మనిషిని చూస్తే మా వైపు ఇంకో ఆలోచనే రాదు. నేను ఏళ్ళ తరబడి క్యాన్ నీళ్ళు కొనుక్కుని తాగుతూ కూర్చున్నా. చివరికి ఒక ఎముకల డాక్టరు ముంజేతి ఎక్స్‌రే తీసి "ఫ్లోరోసిస్ ముదిరితే ఇక్కడ రెండెముకల మధ్య పొర గట్టిపడి కనిపించాలి, నీకు లేదు" అని రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టరు) దగ్గరికి పంపించాడు. తుంటి ఎంఆర్ఐ, జన్యువు చూసే రక్త పరీక్ష హెచ్‌ఎల్‌ఏ బీ27. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక బిగుసుకుపోయే వాతం అని అప్పుడు తేలింది.

ఇప్పుడు మనసు సంగతి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చేది. చీటికీ మాటికీ. ఇంట్లో కోపిష్టి అని పేరు. ఈ జబ్బులో పడుకుంటే నొప్పి ఎక్కువ, కదిలితే తక్కువ. అందుకని రాత్రి మూడింటికి వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాణ్ణి. ఎదురింటి ముసలాయన నేను తాగుడు మరిగానని మా నాన్నకి చెప్పాడు. మా అమ్మ "పడుకో నాయనా, రెస్టు తీసుకో" అంటుంది, పడుకుంటేనే కదా తల్లీ చచ్చేది. దిగులంటే మూల కూర్చుని ఏడవటమే అనుకునేవాణ్ణి. మగాళ్ళకి అది అరుపులుగా, ఫోన్ ఎత్తకపోవడంగా, రాత్రి క్వార్టరుగా కూడా వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

నెల్లూరులో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి మా బావ లాక్కుపోయాడు. ఆయన నొప్పి ఎంత అని అడగలేదు. "ఈ జబ్బు వచ్చాక ఏమేం మానేశావు?" అన్నాడు. వాలీబాల్ అన్నాను. ఇంకా? టీ కొట్టు దగ్గర మా బ్యాచ్‌తో కూర్చోవడం. ఎందుకు మానేశావు? బెంచీ మీద పది నిమిషాలు కూర్చుంటే లేవలేను సార్. "నిలబడి తాగు, వాళ్ళనీ నిలబడమను" అన్నాడు. ఫీజు తీసుకుని ఈ మాటా చెప్పేది అనుకున్నా. ఇప్పుడు మా బ్యాచ్ మొత్తం నిలబడే టీ తాగుతాం. కొట్టువాడు బెంచీ తీసి అక్కడ బజ్జీల బండి పెట్టాడు.

మాత్ర కూడా ఇచ్చాడు, డులోక్సెటిన్. దిగులుకీ, కొన్ని రకాల నొప్పులకీ రెండింటికీ పనికొస్తుందట.

పొదిలి_శీను

సరే సరే, నీళ్ళ మాట వెనక్కి తీసుకోను గానీ, ఎక్స్‌రే సంగతి నాకు కొత్త. మా నాన్నకి తీయిస్తా.

మాగుంట_మావయ్య

బజ్జీల బండి ఎక్కడ సుబ్బూ, కరెక్టు అడ్రసు పెట్టు.

నైట్‌డ్యూటీ_నర్సు

నాది గూడూరు, చెన్నైలో రుమటాలజీ వార్డులో చేస్తున్నాను. కావలి అక్క అడిగిన ప్రశ్నకి సూటిగా జవాబు: జబ్బులో భాగం కావచ్చు, మందుల పాత్ర ఉండొచ్చు, రెండూ కలవొచ్చు. "నేనే ఇలా తయారయ్యానా" అనేది మాత్రం పక్కన పెట్టేయండి.

జ్వరం వచ్చినప్పుడు మనిషి ఎవరితో మాట్లాడక, తిండి సయించక, దుప్పటి కప్పుకుని పడుకుంటాడు కదా. అది సోమరితనం కాదు. ఒంట్లో వాపుని నడిపించే సైటోకైన్లు, అంటే ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటివి, మెదడుకీ కబురు పంపుతాయి. కీళ్ళవాతంలో, లూపస్‌లో ఆ కబురు నెలలు, ఏళ్ళు నడుస్తూనే ఉంటుంది. పైన నొప్పి, నిద్రలేమి, డబ్బు, ఇంట్లో మాటలు. సీఆర్‌పీ దిగిన రోజే ఇవన్నీ దిగిపోవు.

ఎంతమందికి అంటే, 2013లో 72 అధ్యయనాలను, పదమూడు వేల పైచిలుకు రుమటాయిడ్ రోగులను కలిపి లెక్కేశారు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీతో కొలిస్తే 38.8 శాతం మందిలో డిప్రెషన్ కనిపించింది. నిపుణుల పద్ధతిలో వివరంగా ఇంటర్వ్యూ చేసి తేల్చితే 16.8 శాతం. ఇంత తేడాకి ఒక కారణం, పట్టీలో నీరసం, నిద్ర, ఆకలి గురించి కూడా అడుగుతారు, అవి కీళ్ళవాతం వల్ల కూడా వస్తాయి. చిన్న అంకె తీసుకున్నా ప్రతి ఆరుగురిలో ఒకరు. మా ఓపీ బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళని చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది.

ఒంగోలు_గిత్త

అంటే నడక, ధ్యానం దండగంటారా?

నైట్‌డ్యూటీ_నర్సు

అనలేదు అన్నా. నడక మందే. ఈ జబ్బుల్లో వచ్చే అలసటకి 2023లో యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ ఇచ్చిన సలహాల్లో వ్యాయామం, మానసిక శిక్షణ రెండూ ముందున్నాయి. కాకపోతే లేచి చెప్పులేసుకునే ఓపికే లేనివాళ్ళని "నడవండి" అంటే వాళ్ళకి ఇంకో తప్పు చేశామన్న భావం మిగులుతుంది. ఐదు నిమిషాలతో మొదలుపెట్టించాలి, పక్కన ఎవరైనా నడవాలి.

ఇంకోటి కూడా చెప్పాలి. మీ దిగులు దాచుకుంటే కీళ్ళ వైద్యం కూడా దారి తప్పుతుంది. డాస్-28 అని ఒక స్కోరు వేస్తాం. 28 కీళ్ళు నొక్కి చూసి, ఎన్ని నొప్పి, ఎన్ని వాపు, ఈఎస్‌ఆర్ ఎంత, "మొత్తానికి మీకెలా ఉంది" అని మీరు వేసుకునే మార్కు, ఈ నాలుగూ కలిపి. వాపు, ఈఎస్‌ఆర్ మనం దాచలేం. నొప్పి, మార్కు మనసుని బట్టి మారతాయి. దిగులుగా ఉన్నప్పుడు స్కోరు పైకి పోతుంది. డాక్టరు జబ్బు ముదిరిందనుకుని ఖరీదైన ఇంజెక్షన్ రాయొచ్చు. తగ్గాల్సింది వేరే చోట.

స్పాండి_సుబ్బు

ఇది నాకెవరూ చెప్పలేదు. ఆ మార్కు అడిగినప్పుడల్లా నేను "ఏదో ఒకటి రాసుకోండి సార్" అనేవాణ్ణి.

మాగుంట_మావయ్య

మనలో మాట, నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో, కోరికకో రొట్టె పట్టుకుంటారు కదా, ఆరోగ్య రొట్టె పట్టుకున్నారా ఎవరైనా? మా ఇంటావిడ మోకాళ్ళకి పోయినేడు పట్టింది. పక్కనున్నావిడ పొరపాటున విదేశీ రొట్టె చేతిలో పెట్టింది. మోకాళ్ళు తగ్గలేదు, అమెరికా నుంచి అల్లుడు మాత్రం టికెట్ పంపాడు.

బుచ్చి_చెల్లి

మావయ్యా 😂 నేను ఆరోగ్య రొట్టే పట్టాను. నీళ్ళలో నిలబడి ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ "నాకు తగ్గింది, నీకూ తగ్గుద్దిలే" అని రొట్టె చేతిలో పెట్టింది చూడండి, ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నా. మందులు మానలేదు లెండి, మాస్టారు కోప్పడొద్దు.

మందులషాపు_మాస్టారు

రొట్టెతో నాకేం పేచీ లేదు. నా పేచీ పొట్లాల మందుతో. పసరు మందని, వాతం పొడి అని పేరు లేని పొట్లం ఇస్తారు. రెండు రోజుల్లో నొప్పులు మాయం, ఆకలి విపరీతం, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. అలాంటి పొట్లాలు కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపి అమ్ముతారు. మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు. పొట్లం అయిపోయి నాలుగు రోజులు దొరక్కపోతే మనిషి కుప్పకూలతాడు, మనసుతో సహా. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందంటారు.

పెన్నా_ఒడ్డు

సైకియాట్రిస్టు మాత్రలకి బానిసలైపోతారు అంటారు కదా. మా ఆఫీసులో ఒకాయన రాత్రి మాత్ర లేకపోతే నిద్రే పోడు. అందుకే మా ఆవిడకి (లూపస్) నేను వద్దన్నా.

మందులషాపు_మాస్టారు

మీ ఆఫీసాయన వేసుకునేది ఆల్ప్రజోలం అయ్యుంటుంది. నిద్రకీ, గాభరాకీ ఇచ్చే ఆ రకానికి అలవాటు పడతారు, నిజమే. అది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, రిజిస్టర్లో రాసుకోవాలి. దిగులుకి ఇచ్చే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి వేరే జాతి. వాటికి మత్తు కోసం వెంపరలాట ఉండదు. పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఆపేటప్పుడు మాత్రం మెల్లగా తగ్గించాలి, లేకపోతే తల తిరుగుడు, చిరాకు వస్తాయి. దాన్నే జనం బానిసవడం అనుకుంటారు. పది రోజులు వాడి "పని చేయలేదు" అని నా కౌంటర్ మీద పెట్టి పోయేవాళ్ళే ఎక్కువ.

నైట్‌డ్యూటీ_నర్సు

మాస్టారు చెప్పినదానికి రెండు చేర్పులు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవాళ్ళకి ఎస్సిటలోప్రామ్ గానీ సిటలోప్రామ్ గానీ కలిస్తే గుండె లయ మీద ప్రభావం పడే వీలుంది, ఈసీజీ చూసి ఇస్తారు లేదా వేరేది ఎంచుతారు. నొప్పి మాత్రలు రోజూ మింగేవాళ్ళకి సెర్ట్రలిన్ లాంటివి తోడైతే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. భయపడి మానేయమని కాదు. ఇద్దరు డాక్టర్లకీ రెండు చీటీలూ చూపించండి. కీళ్ళ డాక్టరు దగ్గర సైకియాట్రీ చీటీ దాచేవాళ్ళని రోజూ చూస్తున్నా.

పెన్నా గారూ, మీ ఆవిడ ఏమంటున్నారు?

పెన్నా_ఒడ్డు

ఆమె ఏమీ అనదు. అదే సమస్య.

ఈ మధ్య కలల్లో భయపడి లేస్తోంది. మర్నాటి నుంచి కీళ్ళు వాస్తాయి. యాదృచ్ఛికం అనుకున్నా.

నైట్‌డ్యూటీ_నర్సు

అది కొట్టిపారేయొద్దు. 2024లో కేంబ్రిడ్జి, లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 676 మంది లూపస్ రోగులని అడిగారు. ఐదుగురిలో ముగ్గురు కలలు చెడుతున్నాయన్నారు. వాళ్ళలో మూడో వంతు మందికి జబ్బు బయటపడడానికి ఏడాది పైగా ముందే ఇది మొదలైందట. కొందరికి జబ్బు తిరగబెట్టే ముందు పీడకలలు వస్తాయని డాక్టర్లు కూడా అడగాలని రాశారు. తేదీలు క్యాలెండర్ మీద రాసి పెట్టి చూపించండి.

ఒకటి మాత్రం ఆగకూడదు. లూపస్ ఉన్న మనిషి ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడినా, లేని గొంతులు వినపడుతున్నాయన్నా, ఫిట్స్ వచ్చినా అది దిగులు కాదు. మెదడుకి లూపస్ సోకి ఉండొచ్చు, స్టెరాయిడ్ వల్ల కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

దర్శి_పిల్ల

ఇన్ని రోజులుగా చదువుతూ ఉన్నా, ఇప్పుడే రాస్తున్నా. 26. లూపస్. మొహం మీద మచ్చలు, జుట్టు సగం పోయింది. మూడు సంబంధాలు వచ్చాయి, ఒకరికి చెప్పాం, పోయారు. ఇప్పుడొచ్చిన వాళ్ళకి చెప్పొద్దని ఇంట్లో పట్టు. అమ్మ నా మందుల డబ్బా బియ్యం డ్రమ్ములో దాస్తుంది, ఎవరైనా వస్తే చూస్తారని. మందు వేసుకోవాలంటే బియ్యంలో చెయ్యి పెట్టాలి. రాత్రి పడుకుంటే పొద్దున లేవకుండా ఉంటే అందరికీ పీడా పోతుంది అనిపిస్తోంది.

నైట్‌డ్యూటీ_నర్సు

తల్లీ, చూశాను. సూటిగా అడుగుతున్నా, చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా? ఇప్పుడు ఇంట్లో ఎవరు మెలకువగా ఉన్నారు? ఒక్కళ్ళని లేపి పక్కన కూర్చోబెట్టుకో. 14416కి ఫోన్ చెయ్. టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన ఎక్కువైతే తెల్లవారేదాకా ఆగకుండా దగ్గర్లో ఏ ఎమర్జెన్సీకైనా వెళ్ళండి. నేను డ్యూటీలోనే ఉన్నా, ఇక్కడ రాస్తూ ఉండు.

బుచ్చి_చెల్లి

నేనూ మేలుకునే ఉన్నా చెల్లీ. జుట్టు నాకూ పోయింది, జబ్బు అణిగాక తిరిగొచ్చింది. మొహం మచ్చలకి ఎండలోకి పోయేటప్పుడు సన్‌స్క్రీన్, గొడుగు. అవన్నీ రేపు మాట్లాడుకుందాం. ముందు ఎవర్నైనా లేపు.

దర్శి_పిల్ల

చెల్లిని లేపాను. పక్కనే ఉంది.

నైట్‌డ్యూటీ_నర్సు

మంచి పని చేశావు. ఫోన్ కూడా తనని కలపమను.

దర్శి_పిల్ల

చేశాం. ఒకామె చాలాసేపు మాట్లాడింది. సోమవారం ఒంగోలు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్ళమంది, చెల్లి వస్తానంది. మందుల డబ్బా చెల్లి తన బీరువాలో పెట్టింది.

మాగుంట_మావయ్య

అమ్మాయీ, నీ ధైర్యానికి దండం. కానీ సంబంధం విషయంలో మీ అమ్మ మాటలో తప్పులేదు. అన్నీ ముందే చెబితే ఎవరు చేసుకుంటారు? పెళ్ళయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చు.

బుచ్చి_చెల్లి

మావయ్యా, రొట్టె జోకులకి నవ్వాను గానీ దీనికి కాదు. మందులు దాచి పెళ్ళి చేస్తే ఆ పిల్ల అత్తారింట్లో మాత్రలు ఎక్కడ పెట్టుకోవాలి? అక్కడ కూడా బియ్యంలోనా? నెల తిరక్కుండా మందులు ఆపేస్తుంది. నాకు ముందే చెప్పి పెళ్ళి చేశారు. జబ్బు ఆరు నెలలు అణిగి ఉన్నాక, డాక్టరు చెప్పాకే కడుపు నిలుపుకున్నా. హైడ్రాక్సీక్లోరోక్విన్ కాన్పు దాకా వాడించారు. మా పాప ఇప్పుడు యూకేజీ, ఇల్లు పీకి పందిరి వేస్తోంది.

స్పాండి_సుబ్బు

మగపిల్లాడి వైపు నుంచి చెబుతున్నా. నా సంగతి పెళ్ళికి ముందు చెబితే ఇద్దరు వద్దన్నారు. మూడో ఆవిడ "నడుం నొప్పి మా నాన్నకీ ఉంది" అంది. చేసుకున్నాం.

మాగుంట_మావయ్య

మీరు చదువుకున్నోళ్ళు. పల్లెల్లో అలా కుదరదు. నా మాట నాది.

పెన్నా_ఒడ్డు

మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటే ముందే ఆపాలంటారు కదా, అది ఎవరూ చెప్పలేదు.

నైట్‌డ్యూటీ_నర్సు

అవును, ఆపాలి. ఎంత ముందు అనేది డాక్టరు చెబుతారు, చాలామంది మూడు నెలలు అంటారు. లెఫ్లూనమైడ్ అయితే ఇంకా జాగ్రత్త, అది ఒంట్లోంచి పోవడానికి చాలా కాలం పడుతుంది, కడిగేసే మందు వేరే ఇస్తారు. సొంతంగా ఏదీ ఆపొద్దు.

రచ్చబండ_నిర్వాహకుడు

పెళ్ళి చర్చ ఇక్కడ చాలు, వేరే చర్చ తెరుచుకోండి. దర్శి_పిల్లకి వ్యక్తిగత సందేశాలు పంపి ఊరు, పేరు అడుగుతున్నవాళ్ళు ఉన్నారు. ఇద్దరిని తీసేశాను.

ఒంగోలు_గిత్త

ఆదివారం పిన్ని వాళ్ళింటికి పోయా. అడిగాను. "ఇప్పుడు అడిగితే ఏం చెప్పేది రా" అని పొయ్యి దగ్గరికి పోయింది. కాసేపటికి కాఫీ తెచ్చిచ్చి, వేళ్ళు వంకరపోయిన కొత్తలో గ్రేడింగు కాడ మేస్త్రి కూలి తగ్గించాడని, ఆరోజు నుంచీ రాత్రిళ్ళు నిద్ర లేదని చెప్పింది. అది ఎన్నేళ్ళ కిందటి మాటో. నడక విషయంలో నా మాట మారలేదు గానీ.

బుచ్చి_చెల్లి

పిన్ని కాఫీ ఇచ్చింది కదా, ఇంకోసారి వెళ్ళండి.

కావలి_కోడలు

అందరి పోస్టులూ చదివాను. మా ఆయనకి కూడా చూపించా. ఆయన స్పాండి_సుబ్బు గారి పోస్టు రెండుసార్లు చదివి ఏమీ అనలేదు.

స్టెరాయిడ్ పొద్దునకి మార్చుకున్నా, డాక్టరుకి ఫోన్ చేసే. నిద్ర కొంచెం నయం. నిన్న మళ్ళీ వెళ్ళాం. నోటితో చెబితే గొంతు పూడుకుంటుందని కాగితం మీద రాసుకుని ఇచ్చా. అందులో ఉన్నది ఇంతే: "రెండు నెలలుగా రోజూ దిగులు. ఇష్టమైన పనుల మీద ఇష్టం లేదు. రాత్రి రెండింటికి మెలకువ. చచ్చిపోవాలని లేదు. నొప్పి 10కి 3, మనసు 10కి 8." ఆయన చదివి, కుర్చీ వెనక్కి జరుపుకుని ఈసారి నా మొహం చూశారు. దిగులు మందు రాసే ముందు హిమోగ్లోబిన్, బీ12, థైరాయిడ్ చూద్దాం అన్నారు. హిమోగ్లోబిన్ 8.6 ఉంది. థైరాయిడ్ రిపోర్టు రావాలి. సైకియాట్రిస్టుకి చీటీ రాసిచ్చారు, ఆ అపాయింట్‌మెంట్ శుక్రవారం.

మా అత్తమ్మకి 8.6 చూపించా. "రక్తం లేదని ముందే చెప్పొచ్చు గదా" అని కరివేపాకు కారం చేసింది. మనసు మాట ఆమెకి ఎలా చెప్పాలో ఇంకా తెలియలేదు, రక్తం మాట మాత్రం అర్థమైంది.

స్పాండి_సుబ్బు

ఆ 3, 8 పద్ధతి నేను కాపీ కొడుతున్నా అక్కా.

దర్శి_పిల్ల

నేను కూడా. నాది తిరగేసి ఉంది, నొప్పి 7.

నైట్‌డ్యూటీ_నర్సు

రుమటాయిడ్ ఉన్నవాళ్ళలో రక్తహీనత, థైరాయిడ్ రెండూ తరచుగా కనిపిస్తాయి. అయితే హిమోగ్లోబిన్ పెరిగిందని శుక్రవారం అపాయింట్‌మెంట్ మాత్రం మానొద్దు అక్కా. రెండూ ఉండొచ్చు.

మందులషాపు_మాస్టారు

ఐరన్ మాత్ర రాశారా? థైరాయిడ్‌కి కూడా మాత్ర ఇస్తే ఆ రెండూ కలిపి వేసుకోవద్దు. థైరాయిడ్ మాత్ర పొద్దున పరగడుపున, టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు. ఐరన్ కనీసం నాలుగు గంటలు ఎడంగా, మధ్యాహ్నమో సాయంత్రమో. ఐరన్ వేసుకున్న వెంటనే కాఫీ, టీ వద్దు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, ఆ రోజు పేరు డబ్బా మీద పెన్నుతో రాసి పెట్టుకోండి, మందులు పెరిగేకొద్దీ తికమక పడి రోజూ మింగినవాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు.

కావలి_కోడలు

ఐరన్ రాశారు. మెథోట్రెక్సేట్ ఆదివారం, మావాడు డబ్బా మీద స్కెచ్ పెన్నుతో రాసి పక్కన క్రికెట్ బ్యాటు బొమ్మ కూడా వేశాడు. థైరాయిడ్ రిపోర్టు రాగానే ఇక్కడ పెడతా మాస్టారూ.